సరే అయ్యా

‘సరే అయ్యా’ అని ఫోను పెట్టేశాడు ఫోర్‌మన్. ఆ మాట అప్పుడు చెవిలో పడింది కానీ బుర్రలో పడలేదు. ఇప్పుడు పడింది, పడవ రేవు గోడ దాటి సముద్రంలోకి వచ్చాక, వెనక దీపస్తంభం చిటికెన వేలంత అయిపోయాక, ఫోను మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాక. దేనికి సరే? ఫోర్‌మన్ ఊరికే సరే అనే మనిషి కాదు. తను పని చెబితేనే సరే అంటాడు, చెప్పకపోతే చెప్పేదాకా ఊపిరి వినిపిస్తూ ఫోను పట్టుకుని నిలబడతాడు. అంటే తను ఏదో చెప్పాడు. ఏం చెప్పాడు? ఏమీ చెప్పలేదే. ఒక చేత్తో పిల్లని ఎత్తి పడవలోకి దించుతున్నాడు, ఇంకో చేతిలో సూట్‌కేసు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది, పడవ ఇంజను గుడగుడలాడుతోంది, మెడ పట్టుకుని వేలాడుతూ పిల్ల కథ మొదలుపెట్టింది, ఒక పీత ఉందంట, దానికి ఇల్లు లేదంట, ఊ కొట్టు నాన్నా, ఊ కొట్టకపోతే నేను దిగను. ఊ అన్నాడు. పిల్లకి అన్నాడు. ఫోనులో ‘సరే అయ్యా’.

అతని ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఊ అంటే సంతకం. దుంగని పొరలు పొరలుగా చెక్కే మిషను తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినబడదు, అందుకే అక్కడ పెద్ద పెద్ద మాటలు ఎప్పుడో అరిగిపోయి రెండే మిగిలాయి. ఊ అంటే కానియ్. ఊహూ అంటే ఆపు. మిషను ఆపాలన్నా, లోడు పంపాలన్నా, ఆవిరి గదికి వాల్వు తిప్పాలన్నా అయ్యగారి ఊ కావాలి, అది ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. భద్రత సలహాదారు ఒకాయన వచ్చి తాళాల గుత్తి చూపించాడు ఒకసారి, ఆవిరి గదిలోకి వెళ్లేవాడు వాల్వుకి తన తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని వెళ్లాలట. ‘నా నోటికంటే పెద్ద తాళం ఏముందండీ’ అని తను నవ్వాడు, ఆయనా మర్యాదకి నవ్వి, టీ తాగి వెళ్లిపోయాడు. భార్యకి మాత్రం ఆ ఊ అంటే ఒళ్లు మంట. ‘నన్ను పెళ్లి చేసుకుంటారా అనడిగితే ఊ అన్న మహానుభావులు మీరు. అది అవునో, గొంతు సవరించుకోవడమో తెలీక మా ఇంట్లో అందరూ తలలు పట్టుకున్నారు’ అంటుంది చుట్టాల ముందు. నవ్వుతారు. తనూ నవ్వుతాడు. ఇప్పుడు ఆమె ఎదురు బెంచీ మీద కూర్చుని, టోపీ గాలికి ఎగరకుండా పట్టుకుని, పెళ్లయిన కొత్తలో ఉన్నట్టు ఉంది. ఇంత హాయిగా ఆమె ముఖం చూసి ఎన్నాళ్లయిందో. చెప్పకూడదు. ముందు గుర్తు తెచ్చుకోవాలి. ఫోర్‌మన్ ఏం అడిగాడు?

పెద్ద గది. అది వినిపించింది. పెద్ద గది అన్నాడు, ఆవిరి గదుల్లో పెద్దది, తర్వాత బాబు అన్నాడు. ఫ్యాక్టరీలో బాబు అంటే ఒక్కడే, భార్య తమ్ముడు. ఇంట్లో వాడు బక్కోడు. గాలి వస్తే పట్టుకోవాలిరా వీణ్ణి అని వాళ్లక్కే అంటుంది, వాడేమో, బావా నన్ను కొరియర్లో పంపినా స్టాంపు ఖర్చు మిగులుతుంది అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతాడు. బక్కగా ఉండటమే వాడి ఉద్యోగం. దుంగల్ని మెత్తబరిచే ఆవిరి గది రైలు పెట్టె అంత పొడుగు, ఇనుప తలుపు, బయటి నుంచి చక్రం తిప్పి బిగించడమే తప్ప లోపలి నుంచి తెరుచుకోదు, లోపల దుంగలు నిలువెత్తున పేర్చాక గోడకీ వాటికీ మధ్య మిగిలే సందులో దూరగలిగినవాడు వాడొక్కడే. వెనక గోడ దగ్గర గొట్టం జాయింటు కారుతోంది, నిన్న మీటింగు మధ్యలో బయటికొచ్చి తనే ఫోను చేసి చెప్పాడు, ‘రేపు పొద్దున్నే నువ్వు లోపలికెళ్లి అది బిగించెయ్, దుంగలు దింపుకుంటూ కూర్చుంటే రోజంతా పోద్ది.’ ‘నువ్వక్కడ ఇసకలో దొర్లు బావా, ఇక్కడ నేను చూసుకుంటా’ అన్నాడు వాడు. ‘అక్కకి మాత్రం చెప్పకు, ఆ సందులో దూరుతున్నానని తెలిస్తే నీ సెలవూ పోద్ది, నా పళ్లూ రాల్తాయి.’

పెద్ద గది, బాబు. తర్వాత? లోపల. అవును, లోపల అన్నాడు. లోపల అంటుండగానే సరంగు బయల్దేరుతున్నామని హారను కొట్టాడు. ఆ మోత ఆగేసరికి ఫోర్‌మన్ మాట తోక మాత్రం మిగిలింది. రు. బాబు లోపల, హారను, రు. ఆ తర్వాత స్పష్టంగా, వదలమంటారా? లోపలున్నారు అన్నాడా, లోపల్లేరు అన్నాడా? బాబు లోపల్లేరు, ఆవిరి వదలమంటారా. అదే అయుంటుంది. మనిషి లోపల ఉంటే ఆవిరి వదలమంటారా అని ఎవడైనా అడుగుతాడా, బుద్ధున్నవాడు? కానీ ఫోర్‌మన్ మాట్లాడే తీరు అదే. బాబు లోపలున్నారు, పనవగానే వదలమంటారా, మిమ్మల్ని మళ్లీ అడగమంటారా, అని అంత పొడుగు ప్రశ్న అడిగే మనిషే. దానికీ ఊ, దీనికీ ఊ. సరే, లోపల్లేరనే అన్నాడు అనుకుందాం. లేరని ఎలా తెలుసు? తలుపు దగ్గర నిలబడి చూస్తే దుంగలే కనిపిస్తాయి, వెనక గోడ దగ్గర ఏనుగున్నా కనపడదు. పిలిస్తే? వాడి చెవుల్లో ఎప్పుడూ పాటలు, ఆ రెండు తెల్ల గుండీలు చెవుల్లో పెట్టుకుంటే భూకంపం వచ్చినా తాళం వేస్తాడు.

ఆ గదిలో ఎప్పుడు మరమ్మతు జరిగినా తలుపు దగ్గర తను కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పేపరు చదువుతాడు, ఫోన్లు మాట్లాడతాడు, కానీ వెళ్లినవాడు బయటికొచ్చి ఎదురుగా నిలబడి చెమట తుడుచుకునేదాకా లేవడు. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు, అదొక పద్ధతని తనకే ఎప్పుడూ తోచలేదు. మోకాళ్ల నొప్పికి కూర్చుంటున్నారని కూలీలు అనుకునేవాళ్లు. ఇవాళ తను కుర్చీలో లేడు. తను లేకపోతే అక్కడ ఎవరు కూర్చోవాలో చెప్పి రాలేదు. చెప్పాలని తెలిస్తే కదా.

ట్రావెల్ ఏజెంటు ఎంత తియ్యగా చెప్పాడు. ‘మీలాంటి ఓనర్లకి సెలవు దొరకదు సార్, కొట్టెయ్యాలి. మీటింగు ఉంది కదా, దాని చివర రెండ్రోజులు తగిలించండి, మేడమ్‌నీ పాపనీ తెచ్చేసుకోండి. పనికి పని, సరదాకి సరదా.’ నిన్న ఫర్నిచర్ కంపెనీ వాళ్లతో చల్లటి గదిలో పని అయిపోయింది. ఇవాళ సరదా. సిగ్నల్ రాని దీవి కావాలని అడిగింది భార్యే. ‘ఆ దిక్కుమాలిన ఫోను నీళ్లలో పడేసే ధైర్యం నాకు లేదు, కనీసం మూగబోయే చోటికి తీసుకెళ్లండి’ అంది. ఏజెంటు మెరిసిపోయాడు, ఉంది మేడమ్, గదుల్లో అస్సలు రాదు, దీవి రేవు మీద మాత్రం కాస్త వస్తుంది, అది కూడా సార్ లాంటి వాళ్లు దిగగానే గుండె ఆగిపోకుండా. ముగ్గురూ నవ్వారు. ఎంత హాయిగా నవ్వారు.

‘నాన్నా, నువ్వు వినట్లేదు.’

‘వింటున్నానమ్మా.’

‘మరి ఊ కొట్టవేం? పీతకి ఇసకలో ఒక గవ్వ దొరికింది. ఎవరూ లేరేమో అని తొంగి చూసింది. చూసి లోపలికి వెళ్లిపోయింది. ఊ?’

రాలేదు. పుట్టినప్పటి నుంచీ రోజుకి వందసార్లు వచ్చే ఆ ఒక్క అక్షరం గొంతులో అడ్డం తిరిగింది. పిల్ల చొక్కా పట్టుకు లాగింది. ‘ఆయనకి ఇంకా ఫ్యాక్టరీ దిగలేదమ్మా నెత్తి మీంచి. నాకు చెప్పు, నేను కొడతా ఊ’ అని భార్య పిల్లని ఒళ్లోకి తీసుకుంది. తీసుకుంటూ అతని ముఖంలోకి చూసింది. ‘ఏంటలా ఉన్నారు? పడవ పడట్లేదా?’

‘ఆ. ముందుకెళ్లి గాలి పీల్చుకొస్తా.’

పడవ ముందు భాగంలో సరంగు చక్రం మీద ఒక చెయ్యి వేసి వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. తిరిగి వెళ్లమంటే? వెనక రేవు ఎంత దూరమో ముందు దీవీ అంతే కనిపిస్తోంది. ఎటెళ్లినా ఒకటే. సరంగు తల పక్కన కొక్కేనికి రేడియో వేలాడుతోంది, దాని వైరు ఉంగరాలు ఉంగరాలుగా ఊగుతోంది.

‘దీనితో రేవుకి మాట్లాడొచ్చా?’

‘రేవు ఆఫీసులో మావాడుంటాడు సార్. ఎందుకు?’

‘ఒక నంబరు చెప్తాను. అతని చేత ఫోను చేయించాలి. అర్జంటు.’

‘ఇది పడవల రేడియో సార్, టెలిఫోను ఎక్స్ఛేంజి కాదు’ అన్నాడు సరంగు, అని అతని వైపు తిరిగి చూశాడు, చూసి చేతిలో కాయలు జేబులో పోసుకున్నాడు. రేడియో అందుకున్నాడు. నంబరు చదివాడు. ‘ఏం చెప్పమంటారు?’

లోపల మనిషి ఉన్నాడు, తలుపు తియ్యమను. ఇదే చెప్పాలి. నాలుక చివరికి వచ్చింది. వెనక భార్య గొంతు వినిపిస్తోంది, ఊ, ఊ, ఆ తర్వాత పీత ఏం చేసింది, అని. బెంచీ అంత దగ్గర. రేడియోలో మాట్లాడాలంటే సరంగు అరవాలి, అరిస్తే పడవంతా వినబడుతుంది. ఆమెకి తమ్ముడంటే తమ్ముడు కాదు, వాళ్లమ్మ పోయాక వాడికి తల దువ్వి బడికి పంపింది ఈమే. తీరా అక్కడ ఏమీ లేకపోతే? వాడు బయటే ఎక్కడో టీ తాగుతూ ఉంటే, తను ఈమె గుండెలో ఈ రాయి పడేసి, సెలవు తగలేసి, రేపటి నుంచి వాణ్ణి ఫ్యాక్టరీ గడప తొక్కనివ్వకుండా చేసుకుని? ముందు పని ఆగితే చాలు. ఆగితే అన్నీ ఆగుతాయి.

‘ఆవిరి వదలొద్దన్నానని చెప్పు. పెద్ద గది పని ఆపెయ్యమన్నానని. ఓనరు చెప్పాడని చెప్పు.’

సరంగు చెప్పాడు. రేడియో గరగరలాడి ఊరుకుంది. అతను చక్రం పక్కన ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు నల్లగా, నూనెలాగా, పడవ కింద నుంచి జారిపోతున్నాయి. ఇప్పుడు రేవు వాడు నంబరు నొక్కుతుంటాడు. ఇప్పుడు మోగుతుంటుంది. ఫోర్‌మన్ ఫోను ఎత్తడం తనకి తెలుసు, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, కళ్లజోడు పైకి తోసి, చేతిని దూరంగా పెట్టి నంబరు చదివి, అప్పుడు. గరగర. రేవు వాడి గొంతు, తగినంత విసుగుతో.

‘చేశానన్నా. ముసలాయనెవరో తీశాడు. అయ్యగారు నాతో ఇప్పుడే మాట్లాడారు, ఆయన చెప్పిందే చేస్తున్నాం, మధ్యలో నువ్వెవరు బాబూ అన్నాడు. ఓనరే చెప్పమన్నాడయ్యా అన్నా. అయితే ఆయన గొంతు వినిపించు అన్నాడు. నేనెక్కడ తెచ్చేది? పెట్టేశాడు. మళ్లీ చేస్తే తియ్యట్లేదు.’

ఆయన గొంతు వినిపించు. శెభాష్. అది కూడా తను నేర్పిన చదువే. అప్పుడెప్పుడో ఎవడో ఫోను చేసి, అయ్యగారు చెప్పమన్నారు, లోడు పంపెయ్యండి అంటే, వీళ్లు జిగురు ఆరని షీట్లు లారీకి ఎక్కించేశారు. ఆ రోజు తను ఫోర్‌మన్‌ని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. ‘నా గొంతైతేనే విను. దేవుడు దిగొచ్చి నా పేరు చెప్పినా వినకు. అర్థమైందా?’ ‘సరే అయ్యా.’ అర్థమైంది ముసలాయనకి. ఎంత బాగా అర్థమైందో. ఆవిరి గదుల దగ్గర వేడికి పాడైపోతుందని ఫోను లాకర్లో పెట్టి, తువ్వాలు తలకి చుట్టుకుని, ఇప్పుడు నడుస్తుంటాడు. నెమ్మదిగా నడుస్తాడు. అది ఒక్కటే ఆశ. తలుపు చక్రం తిప్పి బిగిస్తాడు, చేత్తో తట్టి చూస్తాడు, గొట్టంలో నిలిచిన నీళ్లు వదిలేస్తాడు, అప్పుడు వాల్వు కొంచెం, కొంచెమే, గొట్టం వేడెక్కేదాకా ఆగి ఇంకొంచెం. తొందరపడితే గొట్టాలు పగుల్తాయని కుర్రాళ్లని తిడుతూ ఉంటాడు. తొందరపడకు. ఇవాళ ఇంకా నెమ్మదిగా ఉండు, పెద్దాయనా. తువ్వాలు మళ్లీ కట్టుకో. ఎవరినైనా తిట్టుకుంటూ నిలబడు.

‘మళ్లీ కలుపు’ అన్నాడు సరంగుతో. ఈసారి గొంతు తగ్గించలేదు. ‘లోపల మనిషి ఉన్నాడని చెప్పు. ఆ గదిలో మనిషి ఉన్నాడు. తలుపు తియ్యమను. ఇంకో నంబరు కూడా ఇస్తా, పరిగెత్తి ఎవరికైనా చెప్పమను!’

సరంగు మళ్లీ రేడియో అందుకున్నాడు. ‘ఈ మాట ముందు చెప్పొద్దా సార్!’ రేడియో నొక్కి అరిచాడు. రేవు, రేవు, వినబడుతోందా. పడవ అప్పటికే దీవి కొండ చాటుకి తిరుగుతోంది, ఎర్రటి రాతి గోడ ఎండకి అడ్డం వచ్చి నీడ పడవ మీదికి పాకింది, రేడియోలో నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. కొండ అడ్డం సార్, అన్నాడు సరంగు. ఇంకాసేపట్లో దిగిపోతాం సార్. దిగగానే ఫోను పని చేస్తుంది. అంటూ పిడిని ముందుకి తోశాడు, పడవ ముక్కు పైకి లేచింది, వెనక జనం ఓయ్ అని నవ్వారు.

భార్య వచ్చి పక్కన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. టోపీ చేతిలో ఉంది.

‘ఏ గదిలో ఎవరున్నారు?’

‘ఫ్యాక్టరీలో. ఎవరో కూలీ. ఏమీ కాదులే, జాగ్రత్త కోసం.’

‘అయ్యో. బక్కోడికి చెప్తే సరిపోయేది కదా, వాడు పరిగెత్తి చూసేవాడు.’

అతను తల ఊపాడు. వాడు పరిగెత్తి చూసేవాడు. లోపల ఎలా ఉంటుందో తనకి తెలుసు, కొత్తలో తనూ దూరాడు, సన్నగా ఉన్న రోజుల్లో. తలుపు మూస్తే ముందు చీకటి కాదు వచ్చేది, నిశ్శబ్దం. తర్వాత కాళ్ల కింద గొట్టంలో టిక్కుమని ఒక చప్పుడు, ఇనుము వేడికి ఒళ్లు విరుచుకుంటున్నట్టు. పాటలు వింటున్నవాడికి అది వినబడదు. ముందు పాదాలకి తెలుస్తుంది. తడి చెక్క వాసన ఒక్కసారిగా చిక్కబడుతుంది. అప్పుడు చెవుల్లోంచి పాటలు పీకేసి, వచ్చిన సందులోంచే వెనక్కి, పక్కకి తిరిగి, ఒక్కో అంగుళం, తలుపు దాకా. గుద్దితే బయటికి వినబడుతుందా? అంత మందం ఇనుము. చెక్కే మిషను పక్కనే తిరుగుతుంటుంది, దాని మోతలో ఎవరూ ఎవరికీ వినబడరు, అందుకే కదా ఆ రెండు మాటలే మిగిల్చాడు తను. కాదు. అలా కాదు. వాడు టీ కొట్టు దగ్గర బల్ల మీద కాళ్లు పెట్టుకుని ఉంటాడు. ఉంటాడు. నేను చూసుకుంటా బావా అన్నాడు కదా, చూసుకునే ఉంటాడు, తెలివైనవాడు. ఎంత తెలివైనవాడైనా తలుపుకి లోపలి వైపు పిడి లేదు.

కొండ పక్కకి తప్పుకుంది. తెల్లటి ఇసక, నీలం గొడుగులు, పలకలు పరిచిన రేవు, దాని చివర కొబ్బరి బొండాలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డ హోటలు మనుషులు. చేతిలో ఫోను వణికింది. ఒక గీత. రెండు. ఫోర్‌మన్ నంబరు నొక్కాడు. మోగుతోంది. లాకర్లో మోగుతోంది, చొక్కాల మధ్య, టిఫిను డబ్బాల మధ్య, ఎవరికీ వినబడకుండా మోగుతోంది. ఆఫీసు నంబరు. బిజీ. మళ్లీ ఫోర్‌మన్. పడవ రేవుకి తగిలింది, జనం లేచారు, ఎవరి సంచో మోకాలికి తగిలింది, పక్కన భార్య తన ఫోను తీసి చెవికి పెట్టుకోవడం అతను చూడలేదు, ఆమె గొంతే విన్నాడు.

‘ఒరే, చేరిపోయాం రా. మీ బావ ఎవరో కూలీ గురించి కంగారు పడి చస్తున్నారు, నువ్వొకసారి వెళ్లి... ఎవరూ?’

ఆమె ఫోను కొంచెం దూరం జరిపి స్పీకరు నొక్కింది. అవతల హోరు. దాని మధ్యలోంచి ఫోర్‌మన్, ‘నేనండమ్మగారూ. బాబుగారి ఫోను మోగుతుంటే తీశాను. జేబులోంచి.’

‘నువ్వెందుకు తీశావ్? వాడేడీ?’

‘పనైపోయినట్టుంది, టీకెళ్లారనుకున్నామండీ. తలుపులోంచి చూస్తే ఎవరూ కనపడలేదు. అయ్యగారినడిగే మూశాం. ఇప్పుడు ఫోను ఎక్కడో మోగుతోందని చూస్తే, ఇదిగో, చొక్కా ఇక్కడ బయట గోడకి, తలుపు తెరిస్తే చాటయ్యే కొక్కేనికి...’

ఆ హోరు ఏమిటో అతనికి తెలుసు. నిండా తెరిచిన వాల్వు చప్పుడు అది.

‘ఆపు!’ అని అతను అరిచిన అరుపుకి హోటలు మనుషుల నవ్వులు ఆగాయి. ‘తలుపు తియ్! లోపలే ఉన్నాడు! తలుపు తియ్యరా!’ అవతల ఫోను దేని మీదో పడిన చప్పుడు, కట్ కాలేదు, పరుగులు, ఎవరినో ఎవరో పిలుస్తున్నారు, ఇనుప చక్రం కీచుమంటూ తిరిగింది, ఒకడు చెయ్యి కాలిందని అరిచాడు, లాగండ్రా, ఇంకా లాగండి, హోరు తగ్గింది, సన్నబడింది, పోయింది. భార్య అతని ముఖంలోకి చూస్తోంది. కూలీ అన్నారు కదా, అంది. తలుపు తెరుచుకున్న చప్పుడు ఇద్దరూ విన్నారు. అంత గోల చేస్తున్న అంతమంది మగవాళ్లూ, ఒక్కసారిగా, అందరూ, మాటలు మానేశారు.

‘హలో?’ అంది ఆమె. ‘హలో, ఎవరైనా మాట్లాడండర్రా. ఏవండీ, లైను కట్టయిందా?’

కాలేదు. తెర మీద సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.